పొయ్యి దగ్గరికొచ్చిన సముద్రం

గంజుకూ నీళ్లకూ మధ్య పది అడుగులున్నాయో, ఇరవై ఉన్నాయో ప్రమాణం చేసి చెప్పలేను. నా జ్ఞాపకం మీద నాకే అంత నమ్మకం లేదు. ఆ మటన్ గంజు, అదే మా కూర గిన్నె, మాత్రం ఇప్పుడు సముద్రంలో ఉంది. అందులో సందేహం లేదు.

పటాన్‌చెరు హైవే పక్కన బతికేవాడికి నిశ్శబ్దం కూడా ఒక ఆకలే. అందుకే బాపట్ల దాకా వెళ్లి కూడా జనమున్న బీచ్ వద్దని పట్టుబట్టాను. మూడు పడవలు, వల బాగుచేసుకునే ఒక పెద్దాయన తప్ప ఎవరూ లేని తీరం దొరికింది. హోటలూ లేదు.

"ఫికర్ ఎందుకు? మనమే వండుకుంటం," అన్నాడు మా బావ నర్సింలు. నా భార్య సుజాతకు అన్న. చిట్కుల్‌లో ఉంటాడు, ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్.

నీళ్లకు దగ్గరగా పొయ్యి పెట్టాం.

"మరీ దగ్గరైతలేదా అన్నా?" అంది సుజాత.

"మంజీర ఒడ్డున ఎన్ని దావత్‌లు చేసినం! నీళ్లు ఎన్నడన్న లేచి పొయ్యి కాడికొచ్చినయా?" బావ కట్టెతో ఇసుకలో గీత గీశాడు. "కంపెనీల ఎల్లో లైన్ లెక్క. ఇది దాటి ఎవ్వరు పోవద్దు."

మేం దాటలేదు. సముద్రానికి ఆ ట్రైనింగ్ ఎవరూ ఇవ్వలేదు.

కూర ఉడికింది. మంట ఆర్పి మూత పెట్టాం. "బావా, జెర గంజు సూస్కో, గవ్వలేరుకొస్తం," అని చెప్పి బావ సుజాతను తీసుకుని వెళ్లాడు. నేను పక్కనే కూర్చుని కళ్లు మూసుకున్నాను. అల వస్తుంది, పోతుంది. మనిషి కోరికలూ అంతే కదా... ఆలోచన ఎంత లోతుకు పోయిందంటే, పాదాలకు చల్లగా తగిలినదాన్ని మనశ్శాంతి అనుకున్నాను!

"ఏవండోయ్! మీ గిన్నె!"

పెద్దాయన కేక. కళ్లు తెరిస్తే గీత లేదు, పొయ్యి లేదు. గంజు మూతతో సహా మర్యాదగా ఊగుతూ సెలవు తీసుకుంటోంది. ప్యాంటు ఎత్తిపట్టుకుని పరుగెత్తాను. చేతికి మూత దక్కింది. తెరుచుకున్న గంజులోకి తర్వాతి అల దిగింది. అంతే!

"పోటొచ్చే వేళకి పొయ్యి ఇక్కడెట్టారేంటండీ?" పెద్దాయనకు నవ్వు ఆగలేదు.

బావ వచ్చాడు. "గంజేది?"

మూత చూపించాను.

"సూడమంటే ఏం సూసినవ్ బావా!"

"కండ్లు మూస్కొని సూసిండు," అంది సుజాత.

బావ నీళ్లకేసి చూసి, "పోనీ తియ్, సముద్రానికి సుత దావత్ ఇచ్చినం," అని పకపకా నవ్వాడు. ఆ మూతలోనే బిస్కెట్లు పోసుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాం. అంత తృప్తి ఈ మధ్య ఎరగను.

ఆ తృప్తికి మరో కారణముంది. కావాలనే ఇంతవరకూ దాటవేశాను. వాళ్లిద్దరికీ నేటికీ తెలియదు. వాళ్లు గవ్వలకు వెళ్లగానే, ఉప్పు చూసే నెపంతో ఏడు ముక్కలు తిన్నాను. అడుగులు గుర్తులేకపోయినా ముక్కలు బాగా గుర్తున్నాయి. అంత లోతైన చింతన ఖాళీ కడుపుతో కుదురుతుందా మరి?