మూట నెత్తికెత్తుకున్న అద్దాలాయన

అద్దాలాయన పోయాడన్న మాట నాకు షేర్ ఆటోలో తెలిసింది. కళ్యాణదుర్గం నుంచి మా ఊరికి వస్తున్నాను. పక్కన కూర్చున్న ఆడమనిషి మా పక్క ఊరిదే. ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి పెట్టేసి, కళ్లద్దాల షాపాయన గుండె ఆగి పోయాడంట అని అందరికీ వినపడేలా చెప్పింది. అయ్యో అని నేను నోరు తెరిచేలోగానే ఇంకో మాట అంది.

"పోతే పోనీలే. ముసలోళ్లను పడగొట్టే అద్దాలు అమ్మినాయనే కదా. మాయమ్మ చెయ్యి ఇరిగింది ఆయప్ప అద్దాలతోనే."

ఆటోలో ఎనిమిది మందిమి ఉన్నాం. మిగతా ఆరుగురు ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. మా ఊరి మలుపు వచ్చేదాకా ఆమెను వదల్లేదు. కానీ ఆటోలో అన్న మాట ఆటో దిగగానే గాలికి పోతుంది. వాళ్లంతా ఇళ్లకు పోయి ఆమె మాటే చెబుతారు, నా మాట చెప్పరు. అది విని ఎందరు ముసలివాళ్లు అద్దాలు తీసి గూట్లో పెడతారో. పోయినాయన లేచి వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా. అందుకని నేను చెబుతున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా మాటను బడి భాషలోకి దిద్దుకోమన్నాను గానీ, నా కోపాన్ని మాత్రం దిద్దొద్దన్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. బస్టాండు రోడ్డులో చిన్న షాపు, రెండు మెట్లు ఎక్కితే లోపలికి. నన్ను అక్కా అనేవాడు, నేను అప్పా అనేదాన్ని. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు.

నేను ఆయన దగ్గరికి పోయింది నా పని పోయే గతి వచ్చినందుకు. గోడౌన్‌లో విత్తనం ఏరే పని నాది. ఒలిచిన వేరుశనగ గింజల్ని చేటలో పోసుకుని, పుచ్చులు, ముడతలు, మట్టి బెడ్డలు తీసేయాలి. ముప్పై ఏళ్లు నేను ఏరిన గింజకు ఎవరూ వంక పెట్టలేదు. ఒకరోజు గోడౌన్ సేటు నా రాశిలో చెయ్యి పెట్టి నాలుగు పుచ్చులు తీసి నా ముందే పెట్టాడు. "అవ్వా, ఇంక ఇంట్లో కూచో" అన్నాడు. ఇంట్లో కూర్చోవడానికి నాకు రోగమేమైనా వచ్చిందా? నా చేతులు బాగున్నాయి, నడుము బాగుంది. దగ్గరి చూపు ఒక్కటే పొయ్యి మీద పొగలా అలుక్కుపోయింది.

సంతలో రెడీమేడ్ అద్దాలు కొన్నాను. చేటలో గింజ కనిపించింది గానీ, తలెత్తితే ఎదుట కూర్చున్న మనిషి మొహం నీళ్లలో ఉన్నట్టు కదిలేది. నెత్తి మీదికి తోసుకోవడం, మళ్లీ దించుకోవడం, ఇదే నాకు రోజంతా పని. ఇంకో షాపులో అడిగితే, చదువు రాదు కదా, నీకు దగ్గర అద్దం దేనికి అన్నారు. చదివేవాళ్లకే కళ్లు ఉంటాయా?

అద్దాలాయన మాత్రం చదువు సంగతి అడగలేదు. "చేతులతో ఏం పని చేస్తావక్కా?" అని అడిగాడు. విత్తనం ఏరుతానని చెప్పాను. గోడకు తగిలించిన అక్షరాల అట్ట వైపు చెయ్యి కూడా చూపలేదు. బల్ల కింది నుంచి ఒక చేట తీశాడు. అందులో వేరుశనగ గింజలు, మంచివీ పుచ్చువీ కలిపి పోసి ఉన్నాయి. కుట్టుపని చేసేవాళ్లకు సూదీ దారం, బియ్యం ఏరేవాళ్లకు నూకలు పోసిన పళ్లెం, ఇట్లా ఆయన దగ్గర అన్నీ ఉండేవి. కుర్చీలో కూర్చుంటే, ఈ పని కుర్చీలో చేస్తావా అని అడిగి నన్ను నేల మీద బాసిపట్టు వేయించాడు. తానూ పంచె సర్దుకుని ఎదురుగా కూర్చుని, నా కంటి నుంచి చేటకు ఎంత దూరమో టేపు పెట్టి కొలిచాడు. అంత పెద్దమనిషి ఒక కూలిదాని ముందు నేల మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

నాకు రోగమేమిటని అడిగాను. రోగం కాదన్నాడు. కంటి లోపల ఒక బిళ్ల ఉంటుందంట. వయసులో అది పచ్చి శనక్కాయ తొక్కలా మెత్తగా ఉంటుంది, దగ్గరిది చూడాలంటే ఉబ్బుతుంది, దూరం చూడాలంటే చదునవుతుంది. నలభై దాటినప్పటి నుంచి ఎండిన తొక్కలా గట్టిపడుతూ వస్తుంది. "రాజుకైనా కూలోనికైనా గట్టి పడాల్సిందేనక్కా, సిగ్గు పడే పని లేదు" అన్నాడు. ఆ మాటతో నాకు సగం భయం పోయింది.

అప్పుడు మూడు చూపుల అద్దం సంగతి చెప్పాడు. మా మెట్ట చేన్లు వాలుగా ఉంటాయి కదా, ఆ లెక్కన చెప్పాడు. గీత ఉన్న అద్దమైతే నడుమ గట్టు వేసిన చేను, పైమడి దూరానికి, కిందిమడి దగ్గరకి. గీత లేని అద్దంలో గట్టు లేదు. పైన దూరం, నడుమ చేతికందేంత దూరం, అడుగున దగ్గర, నేల వాలినట్టు మెల్లగా మారుతుంది. అయితే ఈ చేనుకు రెండు పక్కలా చవుడు ఉందన్నాడు, అంటే పక్కల నుంచి చూస్తే మసక. దానికి ఆయన ఒక మాట చెప్పాడు, నేను ఇప్పటికీ అందరికీ అదే చెబుతాను. "ముక్కు యాడికి తిరిగితే చూపు ఆడికి. కన్ను ఒక్కటే తిప్పితే ఈ అద్దం ఒప్పుకోదు." మొదట వారం నేల తేలినట్టు ఉంటుంది, భయపడి తీసేయొద్దు, పొద్దున లేవగానే పెట్టుకో, సంత అద్దాలు మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు అన్నాడు. మెట్టు దిగేటప్పుడు గడ్డం రొమ్ముకు ఆనించి పైభాగంలో నుంచి చూడమన్నాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఎవరు వచ్చినా ముందు వాళ్ల అద్దాలు తీసుకుని చెంబులో నీళ్లతో కడిగేవాడు. ఆ తర్వాతే మాట. నేను కొంగుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "మన దుమ్ములో ఇసుక ఉండాదక్కా. తుడిస్తే గీకినట్టే. కడుగు." మా పక్కింటామె అద్దాలకు పోతే, లైటు వేసి చూసి, నీది పొర వచ్చిన కన్ను, దానికి అద్దం అమ్మితే నేను దొంగను, ఆస్పత్రికి పో అని పంపించేశాడు. పడగొట్టే అద్దాలు అమ్ముకునే మనిషి ఇట్లా చేస్తాడా? ఆటోలో ఉన్నవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

వారం నేల తేలింది. ఎనిమిదో రోజుకు నిలబడింది. నెల తిరిగేసరికి సేటు నా రాశిలో చెయ్యి పెట్టి, ఏమీ దొరక్క, చెయ్యి దులుపుకుని పోయాడు. ఆ రోజు నేను తిన్న ముద్ద రుచి ఇంకా గుర్తుంది.

ఇంక పడిన సంగతి. దాచను. నేనూ పడ్డాను.

చేను దగ్గరి నుంచి గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వస్తున్నాను. గట్టు దిగే చోట అడుగు తప్పింది. మోపు ఒక పక్క, నేను ఒక పక్క. మోకాలు చీరుకుపోయింది. మర్నాడే కుంటుకుంటూ బస్సెక్కి షాపుకు పోయి, అద్దాలు తీసి బల్ల మీద టక్కున పెట్టాను. షాపులో నలుగురు ఉన్నారు. ఉంటే ఉండనీ అనుకున్నాను.

"నీ అద్దాలు నన్ను గట్టు మీద బోర్లా పడేసినాయప్పా."

ఆయన అద్దాలు తీసుకుని మామూలుగా చెంబులో కడిగాడు. "గడ్డం ఆనించి చూడమంటి కదక్కా" అన్నాడు.

"నెత్తిన మోపు ఉంటే గడ్డం యాడ ఆనించల్ల? తల వంచితే మోపు నేల మీద ఉంటాది. మెడ నిలబెట్టి కన్ను ఒకటే దించుతాం మేము. నువ్వు ఎప్పుడన్నా మోసినావా?"

నలుగురూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తర్వాత లేచి, సరుకు వచ్చిన అట్టపెట్టెల్ని ఒక దుప్పట్లో మూట కట్టాడు, ఎత్తమన్నాడు. నేనే ఎత్తి ఆయన నెత్తిన పెట్టాను. ఆయన పెట్టుకునేవి కూడా మూడు చూపుల అద్దాలే. మెడ బిగించి, కన్ను దించి, తన షాపు మెట్లు దిగబోయాడు. ఏళ్ల తరబడి ఎక్కి దిగిన మెట్లు. మొదటి మెట్టు మీద కాలు గాలిలో తడుముకుంది. షట్టరు పట్టుకోకపోతే పడేవాడే. మూట రోడ్డు మీద పడింది, టీ కొట్టు దగ్గరివాళ్లు కేక వేశారు.

ఆయన మెట్టు మీదే కూర్చుండిపోయాడు. నాకు జాలి వేసింది గానీ బయటపడలేదు.

"అడుగున దగ్గర చూపు కదక్కా. మూరెడు దూరంలో చేట కనపడే అద్దంలో నుంచి, నిలువెత్తు కింద ఉండే నేలను చూసినా. అలికినట్టు కనపడింది." రోడ్డు మీద పడిన మూటను చూపిస్తూ మళ్లీ అన్నాడు. "ఇన్నేండ్లు తల వంచండి తల వంచండి అని చెప్పుకుంటా వచ్చినా. నెత్తిన బరువు ఉండేటోళ్లు ఎట్ల వంచుతారని ఒక్క దినం అనుకోలేదు. తప్పు నాది."

తప్పు నాది. ఈ మాట నేను మొగవాళ్ల నోట ఎన్నిసార్లు విన్నానో వేళ్లు మడిచి చెప్పగలను, అది కూడా ఒక చేతివి చాలు. ఆటో ఆమెకు నా జవాబు ఇదే. ఆయన తప్పు చేయలేదని నేను అనడం లేదు. చేసిన తప్పును నలుగురి ముందు నెత్తికెత్తుకుని చూసుకున్నాడని అంటున్నాను.

నాకు ఇంకో జత చేసిచ్చాడు, అచ్చం దూరానికే, నిండుగా ఒకటే చూపు. మోసేటప్పుడు అది, కూర్చుని ఏరేటప్పుడు ఇది. ఆ రోజు నుంచి ఆడమనిషి ఎవరు మెట్లెక్కినా ఆయన మొదటి ప్రశ్న మారిపోయింది. "నెత్తిన మోస్తావా?" అని అడిగేవాడు. అంతటితో ఊరుకోలేదు. అంతకుముందు తన దగ్గర ఈ అద్దాలు తీసుకున్న ఆడవాళ్ల ఊర్లు గుర్తు చేసుకుని, షాపు మూసే ఆదివారాల్లో మోపెడ్ మీద తిరిగాడు. ఇల్లిల్లూ వెతుక్కుని, బిందె ఎత్తేటప్పుడు ఇవి పెట్టుకోవద్దమ్మా అని చెప్పి వచ్చాడు. ఎండలో అట్లా తిరగడం నీకు అవసరమా అని అడిగితే, చెప్పింది నేను కదక్కా, మళ్లీ చెప్పాల్సింది కూడా నేనే అన్నాడు.

ఆటో ఆమె ఇంటికి కూడా పోయాడు. అప్పటికే వాళ్లమ్మ బిందెతో పడింది, చేతికి కట్టు కట్టి ఉంది. అద్దాలాయన అని తెలియగానే కూతురు తలుపు వేసింది. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు. నేను ఆమెను తిట్టబోతే వద్దన్నాడు. "నేనైనా తలుపు తీయను లేక్కా" అన్నాడు.

ఇదంతా ఆటోలో ఆమె మొహం మీదే చెప్పాను. ఇది రాయించడం మొదలుపెట్టిన మూడో రోజున ఆమె వాళ్లమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అద్దాలు ఒక గుడ్డలో చుట్టి తెచ్చింది.

"ఆటోలో అంత అరిస్తివి కదా అవ్వా. ఏందో మాయమ్మకు చూపీ" అంది.

కూర్చోమనలేదు, మజ్జిగ ఇవ్వలేదు. ఇంకా కోపం పోలేదు నాకు. కానీ ముసలామె ఏం చేసింది? మా ఇంటి ముందు నాలుగు బండ మెట్లు ఉన్నాయి. ముసలామెను పై మెట్టు మీద నిలబెట్టి అద్దాలు పెట్టాను. చేతిలో బరువేమీ లేదు, నెత్తిన ఏమీ లేదు. గడ్డం రొమ్ముకు ఆనించు, ముక్కు నీ కాలి వైపు తిప్పు, అని ఆయన చెప్పినట్టే చెప్పాను. వణుకుతూ ఒక కాలు దించింది. రెండో కాలు దించింది. కూతురు పట్టుకోబోతే వద్దన్నాను. మూడో మెట్టు మీద ఆమె వణుకు ఆగింది. నాలుగోది దిగి వీధిలో నిలబడింది.

చేట తెచ్చి పట్టుకున్నాను. కళ్లు దించి అందులో నుంచి ఒక పుచ్చు గింజ తీసి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత మెల్లగా తలెత్తింది. మా వీధి చివర చేన్లు, చేన్ల అవతల కొండ, కొండ మీద వరసగా గాలిమరలు. వాటినే చూస్తూ చాలాసేపు నిలబడింది.

"అవి తిరుగుతాండాయే" అంది కూతురితో. "నిలబడి పోయినాయి అనుకుంటి."

కూతురు తల్లి పక్కన నిలబడి తానూ అటే చూసింది. మూడు రెక్కలు ఒకదాని వెనక ఒకటి కిందికి దిగి, మళ్లీ పైకి లేస్తున్నాయి.