చున్నీ మీది పూలు

హైడెల్‌బర్గ్‌లో వలస పక్షుల జాడ పట్టే ల్యాబ్‌లో పనిచేసే దయావతి దేన్నీ ఊరికే నమ్మదు. పాలడబ్బా మీద తేదీ చూశాక కూడా మూత తీసి వాసన చూస్తుంది. పక్కింటామె నవ్వితే, ఎందుకు నవ్విందా అని మెట్లన్నీ ఎక్కేదాకా ఆలోచిస్తుంది. మొన్న పై అంతస్తులో ఉండే ఉదయశ్రీ, "ఆంటీ, మా బాల్కనీకి హమ్మింగ్‌బర్డ్ వచ్చింది!" అంటే కళ్లు చిన్నవి చేసింది. "జర్మనీలో హమ్మింగ్‌బర్డ్ ఎక్కడిదమ్మా?" అంటూనే వెళ్లి, కళ్లజోడు సర్దుకుని పూలకుండీ మీదికి వంగింది. "చూడు, పిట్టకి మీసాలుంటాయా? ఇది సీతాకోకచిలుకల జాతి పురుగు. వసంతం రాగానే తేనె వెతుక్కుంటూ ఆల్ప్స్ దాటి వస్తుంది." అంతలో ఆ పురుగు కుండీ వదిలి, ఆమె చున్నీ మీది అచ్చుపూల ముందు గాల్లో ఆగింది. పొడుగాటి తొండం చాచి ఒక పువ్వును తడిమింది, తర్వాత ఇంకో పువ్వును. ఎందులోనూ తేనె లేదు. అయినా మూడోదాని దగ్గరికి వెళ్లింది. దయావతి చున్నీని గుప్పిట్లోకి లాక్కుని వీపు వెనక దాచుకుంది, దొంగసరుకుతో దొరికిపోయినట్టు.