మా మామ మృదంగం ఆపిన పాట

మొన్న మధ్యాహ్నం రేడియోలో కచేరీ వింటుంటే పాట నడుమ మృదంగం చటుక్కున ఆగిపోయింది. రేడియో చెడిందేమోనని మా కోడలు తట్టబోతే చేత్తో వారించి, ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి విన్నాను. స్వాతంత్ర్యం రాకముందు, రాజంపేటలో నా పెళ్ళి మరునాడు జరిగిన కచేరీ జ్ఞాపకం వచ్చింది.

మా మేనమామ మృదంగం వాయిస్తే పందిరి అదురుతుందని చుట్టుపక్కల చెప్పుకునేవారు. మగపెళ్ళివారిది మైదుకూరు. మా మామగారి అన్నగారు ఒకప్పుడు పేరున్న గాయకులే గాని, జబ్బుచేసి గొంతు సగం పోయిందనీ, అయినా తమ్ముడి కొడుకు పెళ్ళిలో పాడి తీరుతానని పట్టుబట్టారనీ ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. మర్యాదల దగ్గర వియ్యంకులకు మాటా మాటా వచ్చి ఉండటంతో, బావమరిది మృదంగంలో వాళ్ళ పాట మునిగిపోవాలని మా నాన్నకు లోలోపల పంతం.

పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పైకి వెళ్ళబోయిన గొంతు దారంలా సన్నబడి, తెగిందా లేదా అన్నట్టు వణికింది. సరిగ్గా అప్పుడే మామ రెండు చేతులూ తీసి తొడల మీద పెట్టుకున్నాడు. పందిట్లో విసనకర్రలు ఆగాయి. వెనక కూర్చున్నవాళ్ళు ముందుకు వంగారు. ఆ నిశ్శబ్దంలో పెద్దాయన గొంతు తడుముకుంటూ తడుముకుంటూ పై స్వరాన్ని అందుకుని, అక్కడే నిలిచింది. అప్పుడు మామ ఒక్క మెత్తని దెబ్బతో వచ్చి కలిశాడు. తరువాత తానొక్కడే వాయించవలసిన ఘట్టం వస్తే, దండం పెట్టి వదులుకున్నాడు.

కచేరీ కాగానే నాన్న మామను వంటపందిరి దగ్గర నిలేశాడు.

"ఏమప్పా, చేతులు పడిపోయినాయా? నిన్ను పిలిపించింది ఊరికే కూర్చోనీకా?"

"ఆయన పాడతాండాడు కదా బావా. నేను వాయిస్తాంటే అది యాడ వినపడేది?"

నాన్న చాలాకాలం మామతో మాట్లాడలేదు. పెద్దమామగారు మళ్ళీ నలుగురిలో పాడనూ లేదు. కాని మామ నన్ను చూడవచ్చినప్పుడల్లా ఆయన గదిలోనే కూర్చునేవాడు. మజ్జిగ తీసుకువెళితే ఇద్దరూ మాటాపలుకూ లేకుండా, ఎంతో తృప్తిగా ఉండేవారు. ఏమి వింటున్నారో నాకు అంతుపట్టేది కాదు. ఎప్పుడు ఆపాలో ఎట్లా తెలిసిందని ఒకసారి మామనే అడిగాను.

"నాకేం తెలుసు తల్లీ. ఆయన ఊపిరి తీసుకునేది వినపడె. దానిమీద వాయించనీకి చెయ్యి రాలా."

ఇంత వయసు వచ్చినా ఆ మాట నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను. ఇప్పుడు ఎంత సన్నని గొంతునైనా ఊరంతా వినిపించే యంత్రాలు వచ్చాయి, మంచిదే. ఒకరి పాట కోసం ఇంకొకరు చెయ్యి ఆపవలసిన అవసరమే లేకుండా పోయింది.