బ్రేకు తొక్కని నా డీజిల్ పొదుపు

నాకు కోపం తొందరగా వస్తుంది. డీజిల్ బంకు దగ్గరైతే ఇంకా తొందరగా వస్తుంది. అరకు ఘాట్ రోడ్డు మీద వెనకాల ట్రాలీ కట్టుకుని పికప్ తోలే ఎవడికైనా వస్తుంది, రాకపోతే వాడు బండి తోలడం లేదని అర్థం.

ఆ ఏడు కాఫీ పళ్ళు ఎర్రబడే వేళకి కొండమీది రైతుల సంఘం పళ్ళ తొక్క తీసే మిషను ఒకటి తెచ్చుకుంది. రెండు చక్రాల ట్రాలీ మీద బిగించిన మిషను. కోసిన పళ్ళకి ఆ రోజే తొక్క తీయకపోతే పులిసిపోతాయి కాబట్టి దాన్ని రోజుకో ఊరికి ఎవరో ఒకరు లాక్కెళ్ళాలి. ఆ పనికి ఇద్దరం ఎగబడ్డాం. ఒకణ్ణి నేను, రెండోవాడు నా బామ్మర్ది. డీజిల్ సంఘమే పోయిస్తుంది కనుక ఎవరి బండి తక్కువ తాగితే సీజనంతా వాళ్ళకే పని అన్నారు. ట్యాంకు మూతిదాకా నింపుకుని, మిషను లాక్కుని పై ఊరికెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ మూతిదాకా నింపాలి. రెండోసారి ఎంత పడితే అంత తాగినట్టు.

బామ్మర్దికి ఈ పని రాకపోయినా ఇటుకల బట్టీలో కిరాయిలున్నాయి. నాకు రాకపోతే పార్వతీపురం పోయి సిమెంటు గోడౌన్లో బండి తోలుకోవాలి, వారానికో పూట ఇంటి మొహం చూడాలి. పెళ్ళాన్ని వదిలి ఉండడం నాకు చేతకాదు. ఆ మాట ఆమెతో అనలేదు. అంటే నెత్తికెక్కుతుందని భయం.

మొదట అందరూ చేసే పనులే చేశాను. ట్రాలీ టైర్లలో గాలి సగమే ఉంటే పూర్తిగా కొట్టించాను. చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టించాను. ఎయిర్ ఫిల్టర్ దులిపితే పావుకిలో ఎర్రమట్టి రాలింది. మిషను మీద కప్పిన టార్పాలిన్ గాలికి తెరచాపలా ఎగరకుండా తాళ్ళతో బిగించి కట్టాను. ఇంతటితో ఊరుకుంటే మర్యాదగా ఉండేది.

ఊరుకోలేదు. బరువు తగ్గాలని పైనున్న క్యారియర్ పీకేశాను. స్పీకర్లు పీకేశాను. పక్క సీటు పీకేశాను. పనిముట్ల పెట్టెలోంచి రెండు స్పానర్లు ఉంచి మిగతావి దించేశాను. ముందు అద్దానికి వేలాడే నిమ్మకాయలు, మిరపకాయలు కూడా తూకానికి చేతిలో ఎగరేసి చూశాను. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని రాగులు చెరుగుతూ ఇదంతా చూసింది.

"ఏటి సేత్తన్నావు మావా?"

"బరువు దింపుతున్నాను. లీటరుకి ఒక కిలోమీటరైనా పెరగదా?"

"అయితే ముందల ఆ పొట్ట దించు. సీటు కన్నా అదే బరువు."

ఆ పూట కోపంతో అన్నం మానేశాను. నిజం చెప్పాలంటే కోపంతో కాదు, బరువు తగ్గుతుందని. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట ఒకడు. వాడు నాకు దూరపు చుట్టం అయ్యుంటాడు.

బామ్మర్ది ముందు రోజే వెళ్ళొచ్చాడు. పదకొండు లీటర్లు పట్టిందట. "నీ వల్ల అవదు బావా, ఇంటికాడ కూకో," అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి, మర్నాడే ఏ రోజో చూసుకోకుండా మిషను తగిలించుకుని బయల్దేరాను. అది సంత రోజు. మధ్యాహ్నం దాటాక ఉప్పు, ఎండుచేపలు, కుండలు, కోళ్ళు కొనుక్కుని ఆడవాళ్ళంతా అదే రోడ్డున కొండెక్కుతుంటారు. ఆ సంగతి వాడికి గుర్తుంది. నాకు లేదు.

నా పద్ధతి ఒక్కటే. బ్రేకు తొక్కకూడదు, యాక్సిలరేటర్ మీద పాదం ఆనీ ఆననట్టు ఉంచాలి, ఆగకూడదు. ఎత్తులో ఆగి మళ్ళీ కదిలించామా, గ్లాసుడు డీజిల్ గోవిందా. అందుకని నడిరోడ్డున చెయ్యెత్తిన వాళ్ళని చూడనట్టే పోతున్నాను.

మొదటి మలుపులో బండి మనిషి నడిచేంత నెమ్మదించింది. వెనకాల దబ్బుమని చప్పుడు. అద్దంలో చూస్తే ఒక ముసలమ్మ, నెత్తిన కుండతో సహా, వెనక తొట్టిలో కూర్చుని కొంగు సర్దుకుంటోంది. ఆమె సంఘంలో పెద్దమనిషని నాకప్పుడు తెలియదు. దిగమందామంటే బండి ఆపాలి. ఆపితే గ్లాసుడు. పళ్ళు నూరుకుని పోనిచ్చాను.

ఒకరెక్కితే బండి ఇంకాస్త నెమ్మదించింది. నెమ్మదిస్తే ఇంకో ఇద్దరు ఎక్కారు. వాళ్ళ బరువుకి ఇంకా నెమ్మదించింది. ఆ తర్వాత ఎవరూ పరిగెత్తాల్సిన పని కూడా లేకపోయింది, మాట్లాడుకుంటూ నడిచొచ్చి మెట్టెక్కినట్టు ఎక్కారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు చివరి మలుపులో ఒకావిడ మేకపిల్లని కూడా అందించింది. చోటు చాలక ముగ్గురు మిషను ట్రాలీ మీద, నేను అంత కష్టపడి బిగించిన టార్పాలిన్ మీద కూర్చున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. నేను మాత్రం నోటికొచ్చిన తిట్టల్లా స్టీరింగుని తిట్టాను.

పై ఊరు చేరేసరికి పదిహేను మందీ, మేకా. అందరూ దిగి, చల్లగా ఉండమని దీవించి పోయారు. వాళ్ళు పోసిచ్చిన అంబలి తాగి తిరిగొచ్చి బంకులో నింపితే పద్నాలుగు లీటర్లు పట్టింది. బంకు దగ్గర నిలబడి ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికెళ్ళి, ఇక పార్వతీపురమే గతి అని సంచీలో బట్టలు సర్దుకున్నాను. మా ఆవిడ వాటిని తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

రెండ్రోజులకి సంఘం వాళ్ళు పిలిచారు. పని నీదే అంది ఆ కుండ ముసలమ్మ. బామ్మర్ది మండిపడ్డాడు, పదకొండెక్కడ, పద్నాలుగెక్కడ అని. "నీ బండి ఉత్త మిషను మోసినాది. ఈ బాబు బండి మిషనూ మోసినాది, పదిహేనుమందినీ మోసినాది. ఏది తక్కువ తాగినాదో నువ్వే సెప్పు," అందామె.

నాకు సిగ్గేసింది. పని పోతే పోయిందని నిజం చెప్పేశాను. "నేనెక్కించుకోలేదమ్మా. ఆపితే డీజిల్ పోతుందని ఆపలేదు, మీరే ఎక్కేశారు."

"మాకు తెల్దేటి? నీ తిట్లు వెనక్కి ఇనపడినాయి. ఆపి దించీసినోళ్ళని సాలామందిని సూసినాం బాబూ. నువ్వు దించనేదు."

ఆ రాత్రి మా ఆవిడతో అనేశాను, నిన్ను వదిలి ఉండలేననే నేనీ వేషాలన్నీ వేశానని. తెలుసు అంది, ముందు ఆ సీటు బిగించు అంది.

మర్నాడు మిషనుతో పైకి పోతుంటే మొదటి మలుపులో ఆ ముసలమ్మ, ఇంకో నలుగురు నడుస్తూ కనిపించారు. ఎత్తులో, నడిరోడ్డు మీద, బ్రేకు గట్టిగా తొక్కి బండి ఆపాను. గ్లాసుడు పోతే పోనీ అనుకున్నాను. ఎవరూ ఎక్కలేదు. అయిదుగురూ రోడ్డు పక్కన నిలబడి చక్రాల కింద వంగి చూస్తున్నారు. ముసలమ్మ నా కిటికీ దగ్గరకొచ్చి, జాలిగా అడిగింది.

"ఆగిపోనాదేటి బాబూ? సెడిపోనాదా? తొయ్యమంటావా?"