గుప్పెడు రోము

మొన్న మంగళవారం సత్తెనపల్లిలో మా పెదనాన్న పోయాడు. గోడలకు అంటించిన కాగితాల మీద "ప్రభువునందు నిద్రించారు" అని వేయించారు. నిద్రపోనీయండి, బాగా అలిసిపోయిన మనిషి. ఆయన్ను సాగనంపి వచ్చాను. కూర్చుని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమిషన్ కొట్లో ఆయన బతుకంతా గడిచింది. బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీసేవాడు. ఒకటి విరిచి వాసన చూసి, గింజలు నాలిక మీద వేసుకుని సరుకు ఎలాంటిదో చెప్పేవాడు. "గుప్పెడు చూస్తే చాలమ్మా. బస్తా అంతా కుమ్మరించేవాడికి పని తెలవనట్టే" అనేవాడు. సినిమాకి కూడా అదే లెక్క. ఇంటర్వెల్లో లేచి ఇంటికొచ్చేసేవాడు.

ఒక్క రోములో పోపుగారు పూజచేసే పునీత పేతురుగారి గుడి దగ్గర మాత్రం ఆ లెక్క పనిచేయలేదు. దాని లోపల మోకరించాలని ఆయన కోరిక. పెద్దమ్మ పోయాక అది మరీ ముదిరింది. వాళ్ళకు పిల్లల్లేరు కాబట్టి తోడుగా నేను బయల్దేరాను.

బొటాబొటీ డబ్బు. ఊరికి దూరంగా, సత్రం లాంటి చోట ఒకదాని మీద ఒకటి మంచాలు. మేం మోసుకెళ్ళిన అటుకులూ కరివేపాకు కారమే తిండి, వీధి కుళాయి నీళ్ళు. టికెట్టున్న ప్రతి చోటునీ బయటినుంచే చూపించి, "గుప్పెడు చూశాంగా, పద" అని నడిపించాడు. రోమంటే నాకు ఇప్పటికీ అరికాళ్ళ మంటే ముందు గుర్తొస్తుంది.

గుడికి వెళ్ళాల్సిన ముందురోజు సాయంత్రం సంతలో ఎండుమిరపకాయల దండలు కనిపించాయి. ఇక ఆ చెయ్యి ఊరుకుంటుందా? దండలోంచి ఒక కాయ తెంపి, విరిచి, గింజలు నోట్లో వేసుకున్నాడు. కొట్టావిడ కేకలు మొదలుపెట్టింది.

"అదేందమ్మా, చూడకుండా ఎట్టా కొంటారు?" అని ఆయన తెలుగులో నిదానంగా అడిగాడు.

చివరికి దండంతా కొనాల్సి వచ్చింది. బస్సు డబ్బులు అందులోనే పోయాయి. దండ మెడలో వేసుకుని బసదాకా నడిచాడు. "ఇంతా చేస్తే కారం లేదే" అని దారి పొడుగునా ఒకటే దిగులు.

తెల్లారేసరికి మోకాళ్ళు బూరెల్లా పొంగాయి. అయినా వచ్చాడు. గుడిలోకి టికెట్టు అక్కర్లేదు, కానీ వరసలో నిలబడే కాళ్ళుండాలి. వరస గుడి ముందు మైదానం చుట్టూ తిరిగి ఉంది. కాసేపటికి నా భుజం పట్టుకుని "నావల్ల కాదే. నువ్వు పోయిరా" అన్నాడు. పెద్దవాళ్ళని ముందు పంపుతారేమో అడుగుతానంటే ఒప్పుకోలేదు.

"యార్డులో వరస తప్పిన బండిని నేనెప్పుడూ రానియ్యలా. దేవుడి దగ్గర నేను తప్పుతానా?"

ఆయన్ను ఒక స్తంభం పక్కన రాతిమీద కూర్చోబెట్టి వెళ్ళాను. ఒంటరిగా ఎండలో ఉన్నాడని గబగబా చూసి, మోకరించి వచ్చేశాను.

"అప్పుడే వచ్చావేందే?"

"చూశాను పెదనాన్నా. మోకరించాను కూడా."

"అది నీది. మరి నాది?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన వంతు మోకరించడానికి వెళ్ళి మళ్ళీ వరస చివర నిలబడ్డాను. మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక్కి చూశాను. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, చేతులు జోడించి గుడివైపే చూస్తూ కూర్చున్నాడు. నేను తిరిగినప్పుడల్లా ఒక చెయ్యి విడదీసి, ముందు ఖాళీ ఉంది, జరుగు, జరుగు అని ఊపుతున్నాడు.