సుధాకర్ పంపిన నిశ్శబ్దం

సిరిసిల్లలో రామచంద్రానికి ఉన్న గొంతు మైకుసెట్టుకు కూడా లేదు. అన్నంలోకి ఉప్పు అడిగితే వీధి చివర కుక్క లేచి కూచుంటుంది. ఆయనకు కోపం వచ్చిందని కొత్తవాళ్లు భయపడతారు. కోపం కాదు, సాంచాల హోరు. మీసాలు రాకముందు నుంచి ఆసామి షెడ్డులో ఆ మరమగ్గాల మధ్యే బతుకుతున్నాడు. భార్య అనసూర్య కూడా అక్కడే కండెలు చుట్టేది కాబట్టి వాళ్ల సరసాలు సైతం అరుపుల్లోనే సాగాయి.

ఆయనకు ఆస్తుల మీద ఆశ లేదు. ఒక్క పూట ఏ చప్పుడూ లేకుండా కూర్చోవాలన్నదే కోరిక. ఇంటికి పోతే పక్కింట్లో సాంచాలు. ఇల్లు మారదామంటే ఆ వీధిలోనూ సాంచాలే.

దుబాయిలో ఉండే బామ్మర్ది సుధాకర్ జాలిపడి, చప్పుడును చంపే హెడ్‌ఫోన్ పంపాడు. ఫోన్లో ఉపన్యాసం అదనం. అది బయటి చప్పుడు విని, తానూ ఒక చప్పుడు చేస్తుందట, రెండూ కలిసి నిశ్శబ్దం అవుతాయట. రామచంద్రం నవ్వాడు. సాంచె పక్కన సాంచె పెడితే నిశ్శబ్దం పుట్టడం ఆయన జన్మలో చూడలేదు మరి.

ఇంటర్ చదివే కూతురు నవ్యశ్రీ పాఠం ఎత్తుకుంది.

"బాపు, చప్పుడంటే గాలిల అల. ఒక అల గాలిని ముందుకు నూకినప్పుడే ఇంకోటి గంతే వెనక్కి గుంజితే రెండు సాఫైపోతయి. గాలి కదలకుంటే చెవికేం వినబడ్తది? సాంచాలకు గట్ల జోడు కుదరది. గీ డబ్బ కావాల్సుకొని ఉల్టా అల పుట్టిస్తది."

పెట్టుకుని మీట నొక్కాడు. పక్కింటి హోరు మాయమైంది. రామచంద్రం మొహం పెళ్లికొడుకులా వెలిగి, అంతలోనే ముడుచుకుంది. సన్నగా, ఆగకుండా, కీ మని ఒక కూత!

దుబాయి సరుకూ నాసిరకమేనని తీర్మానించి బామ్మర్దిని నాలుగు మాటలన్నాడు. సుధాకర్ పరువుకు పోయి ఇంకా ఖరీదైనది పంపాడు. అదీ కూసింది. ఖరీదైనది కదా, మరింత స్పష్టంగా కూసింది.

నవ్యశ్రీ పెట్టుకుంటే ఏ కూతా లేదు. తీసి తండ్రి చెవుల వైపు చూసింది.

"బాపు, కూత డబ్బల లేదు. నీ చెవులల్లనే ఉంది. సాంచాల చప్పుడు కింద ఇన్నొద్దులు వినబడలే."

"అయితే దానికి గూడ ఉల్టా అల కొట్టమను."

"కొట్టనీకి రాదు బాపు. అది గాలిల లేదు."

రామచంద్రానికి భయం వేసింది. ఇంతకాలం కోరుకున్న నిశ్శబ్దం ఇంటిదాకా వచ్చి, ఇక నీకు దొరకనని చెప్పిపోయినట్టయింది. డాక్టరు కోసం కరీంనగర్ పోదామని కూతురు అంటోంది.

ఈ గొడవేమిటో చూద్దామని అనసూర్య వంటింట్లోంచి వచ్చి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. కాసేపు శ్రద్ధగా విన్నది. తీసి, ఇంత దానికి పరేషాన్ ఎందుకని విసుక్కుంది.

"కీ మనుడే గదా. నాకు నవ్య పుట్టకముందు నుంచి ఉన్నది. అందరికి ఉంటదనుకున్న."