మొండోడి చొక్కాలు

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం టెలిగ్రాం వచ్చింది. అప్పుడు నేను యూనివర్సిటీ ప్రయోగశాలలో ఎండ్రకాయల తొట్టి కడుగుతున్నాను. నాకు ఈ డాక్టరేటు పరిశోధన సీటు దక్కిందంటే ఆమె వల్లే. ఒక ఆదివారం అది కాస్తా పోయిందని నేను గుండెలు బాదుకున్నదీ ఆమె వల్లే.

ఎమ్మెస్సీ అయ్యాక దరఖాస్తు పెడితే, "సొంతంగా ఏదైనా చేసి ఇంటర్వ్యూకు పట్టుకురా" అని ప్రొఫెసరుగారు రాశారు. ఉన్నది ఒక్కటే సీటు. రాకపోతే టైపు నేర్చుకొమ్మని నాన్న తీర్పు. ఎండ్రకాయకు తెగిన కాలు మళ్లీ ఎలా మొలుస్తుందో చూపిద్దామనుకున్నాను. నేనేమో అప్పట్లో నెల్లూరు బడిలో తాత్కాలిక పంతులమ్మను. అందుకని సముద్రం పక్కన, తోటపల్లి గూడూరు దగ్గరున్న అత్త ఇల్లే నా ప్రయోగశాల అయింది. వలల్లో కత్తెర కాలు పోగొట్టుకున్న పిల్ల ఎండ్రకాయల్ని తెచ్చి, కుండల్లో ఉప్పునీళ్లు పోసి ఆమే పెంచింది. నాలుగు చచ్చాయి. బతికిన ఒక్కడికీ మొండోడని పేరు పెట్టింది.

రోజూ చూసింది నోటుబుక్కులో రాయమన్నాను. "సోమవారం. కోపంగా ఉండాడు." "గురువారం. అలిగి తినలేదు." చదివి నెత్తి కొట్టుకున్నాను.

"ఏందత్తా ఇది! సైన్సులో అలకలుంటాయా?"

"నీ సైన్సు సంగతి నాకు తెలీదమ్మణ్ణీ. వీడికి మాత్రం ఉండాయి."

పెరగాలంటే ఎండ్రకాయ పాత పెంకు విప్పేయాలి. విప్పినప్పుడల్లా కొత్త కాలు కాస్త పెద్దదవుతుంది. మూడోసారి విప్పాక మొండోడి రెండు కత్తెర కాళ్లూ సమానమయ్యాయి. మర్నాడు ఇంటర్వ్యూకు రైలెక్కాలని, ఆదివారం సాయంత్రం వాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చాను. కుండ ఖాళీ!

"చర్చికిచ్చినా. ఈ పొద్దు కోత పండగ గదా," అంది తాపీగా.

కోత పండుగకు ఎవరి తొలిపంట వాళ్లు తెచ్చిస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మా అత్త తొలి వంకాయా, తొలి గుడ్డూ ఏనాడూ ఇంట్లో వండలేదు.

"అది పంట కాదత్తా, నా సీటు!"

"ఆయనది ఆయనకీకుండా దాచుకుంటే సీటెట్టా వస్తాది?"

పరుగెత్తాను. వేలంలో వాణ్ణి పాడుకున్న సంఘపెద్ద తన ఇంట్లో అప్పుడే తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. "కొత్త కాల్లో కండ భలే ఉండిందమ్మా!" అన్నాడు. అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇంటికి రాగానే అత్త ఒక బిస్కెట్ల డబ్బా చేతిలో పెట్టింది. "వాడు పోతే పోయినాడు. చొక్కాలుండాయి గదా." లోపల దూది మీద మొండోడు విప్పిన మూడు పెంకులూ వరసగా ఉన్నాయి. మొదటిదానికి మొటిమంత మొలక, రెండోదానికి చిన్న కాలు, మూడోదానికి ఇంకాస్త పెద్దది. చిరిగిన చొక్కా కూడా పారేసే మనిషి కాదు ఆమె.

ప్రొఫెసరుగారు పెంకులు చూశారు. నోటుబుక్కు చదువుతూ కడుపుబ్బా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. వాడు అలిగిన ప్రతిసారీ సరిగ్గా రెండు రోజులకు పెంకు విప్పాడు.

"ఎండ్రకాయ ఏదమ్మా?"

"దేవుడికిచ్చేశామండీ."

"మరి ఇది రాసినావిడ దరఖాస్తు పెట్టలేదేం?"

ఆ మాట చెబితే అత్త, "నాకేడ తీరుతుంది? కోళ్లుండాయి," అంది.

టెలిగ్రాం వచ్చిన మర్నాడు సమాధి దగ్గర నుంచి ఆమె ఇంటికి వెళ్లాను. వంటింటి మూల ఒక కుండ, పక్కన నోటుబుక్కు, పెన్సిలు. నా ఇంటర్వ్యూ ఎప్పుడో అయిపోయినా ఆమె మానలేదు. చివరి పేజీలో వణికిన అక్షరాలు: "ఆదివారం. అలిగినాడు. మంగళవారం విప్పుతాడు."

మూత తీశాను. ఖాళీ పెంకు పక్కన మెత్తటి ఎండ్రకాయ, దానికి గోరంత కొత్త కాలు. నా వెనకాల సంఘపెద్ద తొంగిచూస్తుంటే గబుక్కున మూత పెట్టేశాను. తర్వాత ఏడుపు ఆగలేదు. ఆ పెన్సిలే తీసుకుని ఆమె రాసినదాని కింద రాశాను: "విప్పినాడత్తా."